కాటన్ దొర ఇంటిపేరులో పత్తి లేదు, గుడిసెలున్నాయి

అడిగిన ప్రశ్న ఇది: ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ పూర్వీకులు పత్తి వ్యాపారులా? కాకపోతే ఆ ఇంటిపేరు ఎక్కడిది? ఒక ఇంగ్లీషు ఇంటిపేరు ఫలానా ఊరి నుంచి వచ్చిందని ఎలా తేలుస్తారు?

పత్తి వ్యాపారులు కాదు. ఆ ఇంటిపేరుకీ పత్తికీ చుట్టరికం లేదు. అది ఒక ఊరి పేరు, ఆ ఊరి పేరుకి అర్థం ‘గుడిసెల దగ్గర’ అని. చిక్కల్లా ఏమిటంటే ఇంగ్లండ్‌లో ఆ పేరున్న ఊళ్లు చాలా ఉన్నాయి. అందుకే ‘ఏ ఊరు’ అన్న ప్రశ్నకి ఇంటిపేర్ల నిఘంటువు జవాబు చెప్పలేదు, కాగితాలే చెప్పాలి.

ముందు మాట సంగతి చూద్దాం. పాత ఇంగ్లీషులో ‘కొట్’ అంటే గుడిసె, పాక. దాని బహువచనం ‘కొటు’. ‘దగ్గర’, ‘లో’ అని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ మాట చివర ‘ఉం’ చేరి ‘కొటుం’ అవుతుంది. ఊరి పేరు జనం నోట ఎప్పుడూ ‘ఎక్కడ ఉంటున్నావు, ఎక్కడికి పోతున్నావు’ అన్న సందర్భంలోనే వస్తుంది కదా. అందుకని ‘ఎట్ కొటుం’, అంటే ‘గుడిసెల దగ్గర’, అన్న వాడుకే గట్టిపడి, ముందున్న ‘ఎట్’ రాలిపోయి, విభక్తి రూపమే ఊరి పేరుగా మిగిలిపోయింది. తర్వాత ఇంగ్లీషులో విభక్తులు అరిగిపోయాయి, కానీ ఊరి పేర్లలో ఇరుక్కున్నవి అలాగే ఉండిపోయాయి. యార్క్ దగ్గరి అకోమ్ అనే ఊరి పేరూ ఇలాంటిదే. ‘ఓక్ చెట్ల దగ్గర’ అని దాని అర్థం. న్యూషమ్, న్యూసమ్ అనే పేర్లు ‘కొత్త ఇళ్ల దగ్గర’ అన్న మాట నుంచి వచ్చాయి.

ఆ ‘కొటుం’ ఒక్కోచోట ఒక్కోలా మారింది. మధ్య ఇంగ్లండ్‌లో చివరి ‘మ్’ ‘న్’ అయి కోటన్, కాటన్ అయింది. ఉత్తరాన, తూర్పున ‘మ్’ నిలబడి కాటమ్, కోథమ్, కోటమ్ అయింది. నాటింగమ్‌షైర్‌లో కాటమ్ ఉంది, కోథమ్ ఉంది. రెడ్‌కార్ పక్కన కోటమ్ ఉంది. వీటి వర్ణక్రమంలో చివర కనిపించే ‘హామ్’ని చూసి గ్రామం అనే అర్థమున్న పాత మాట అనుకునేవాళ్లు ఎక్కువ. అది లేఖకుల పని. ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లు ‘హామ్’తో ముగుస్తుంటే దీన్నీ ఆ వరసలో రాసేశారు. ‘కాటన్’ చివర ‘టన్’ కనిపించడం కూడా అంతే, రెండో ‘ట’ తర్వాతి కాలంలో చేరింది. ఇక విభక్తి లేకుండా మామూలు బహువచనం నుంచి వచ్చినవి కోట్స్ అనే ఊళ్లు, ఆ ఇంటిపేరున్నవాళ్లు. ముందు ఇంకో మాట చేరితే ప్రెస్కాట్ (పూజారుల గుడిసెలు), కాల్డికాట్ (చలి గుడిసె), వెస్ట్‌కాట్ (పడమటి గుడిసె) అవుతాయి. ఇవన్నీ ఒకే మాట సంతానం. అంతమాత్రాన ఆ ఇంటిపేర్లవాళ్లు దాయాదులు కారు.

పలుకుబడి గురించి ఒక మాట. కేంబ్రిడ్జ్ పక్కనున్న ఊరిని ‘కోటన్’ అని దీర్ఘంతో పలుకుతారు. ఇంటిపేరు మాత్రం ఎక్కువగా ‘కాటన్’ అని హ్రస్వంతో వినిపిస్తుంది. మధ్యయుగపు ఇంగ్లీషులో మాటలోని ఒక పలుకు ముక్క (సిలబుల్) హల్లుతో ముగియకపోతే అచ్చు సాగింది, ముగిస్తే సాగలేదు. ఒకే మాట ఒకచోట ‘కోట్’గా, మరోచోట ‘కాట్’గా తేలడానికి కారణం అదే. కాబట్టి పలుకుబడి వేరు కదా అని కోటన్ అనే ఊళ్లని వెతుకులాటలోంచి తీసేయకండి.

ఇప్పుడు పత్తి. ఇంగ్లీషులో పత్తిని చెప్పే మాట అరబ్బీ ‘కుత్న్’ నుంచి పాత ఫ్రెంచి ‘కొతోన్’ మీదుగా వచ్చింది. గుడిసెల మాట జర్మానిక్ కుటుంబానిది, ఇంగ్లండ్‌లో అంతకు ఎన్నో శతాబ్దాల ముందు నుంచీ ఉంది. రెండు దారులూ చివరికి ఒకే వర్ణక్రమంలో కలిశాయి. ఇంకో తమాషా ఏమిటంటే, 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో ‘మాంచెస్టర్ కాటన్స్’, ‘కెండల్ కాటన్స్’ అని అమ్మిన బట్ట ఉన్నిదే. బట్ట మీద నూగు లేపే పనిని అలా పిలిచేవారు. ఆనాటి దస్తావేజులో ఆ మాట కనిపించినంత మాత్రాన అది పత్తి కానక్కర్లేదు, ఇంటిపేరు అంతకన్నా కానక్కర్లేదు. మంచం అనే అర్థంలో ఇంగ్లీషు ‘కాట్’ అయితే మన ‘ఖాట్’ నుంచి, అంటే సంస్కృత ఖట్వ నుంచి, అక్కడికి వెళ్లిన మాట. గుడిసెకీ దానికీ కూడా సంబంధం లేదు. ‘కొట్’ వినగానే మన పశువుల కొట్టం గుర్తొస్తుంది, సహజమే. శబ్దం కలిసిందని చుట్టరికం కలపకూడదు. పాత రూపాలు వెనక్కి తీసుకెళ్లి చూపించగలిగితేనే చుట్టరికం. ఇంటిపేర్ల విషయంలో జరిగే తప్పుల్లో సగం ఇక్కడే పుడతాయి.

వృత్తి నుంచి వచ్చిన పేరా, ఊరి నుంచి వచ్చినదా అన్నది తేల్చడానికి మధ్యయుగపు దస్తావేజుల్లో ఒక గుర్తు ఉంది. ఊరి పేరైతే ముందు ‘డి’ ఉంటుంది: జాన్ డి కొటున్ అంటే కొటున్ ఊరి జాన్. వృత్తి పేరైతే ‘ల’ ఉంటుంది: జాన్ ల టైలర్. పైగా వృత్తి పేర్లు ఎక్కువగా మనిషిని చెప్తాయి, సరుకుని కాదు: టానర్, ఫుల్లర్, వెబ్‌స్టర్. మిరియాలు అమ్మినవాడికి పెప్పర్ అని పేరు పడ్డ సందర్భాలూ ఉన్నాయి కాబట్టి, పత్తి మీద ఒకరిద్దరికి ఆ పేరు పడి ఉండడం అసాధ్యమని అనను. కానీ మీ వంశంలో పాత రూపం ముందు ‘డి’ దొరికిందంటే వాదన అక్కడితో ఆగిపోతుంది. ఈ ‘డి’ 14వ శతాబ్దం చివరికల్లా చాలావరకు రాలిపోయింది. అందుకే అంతకుముందు దస్తావేజుకి విలువ ఎక్కువ.

ఆ గుడిసెలు ఎవరివి? పెద్ద రైతులవి కావు. 11వ శతాబ్దపు పాత ఇంగ్లీషు ఎస్టేటు పత్రం ఒకదాంట్లో గుడిసె కాపు బాధ్యతలు రాసి ఉన్నాయి: ఏడాది పొడవునా ప్రతి సోమవారం దొర పొలంలో వెట్టి, కోతల కాలంలో వారానికి 3 రోజులు, బదులుగా అతనికి కనీసం 5 ఎకరాలు ఉండాలి. 1086 నాటి డూమ్స్‌డే సర్వేలో (ఇంగ్లండ్ రాజు చేయించిన భూముల లెక్క) వీళ్లని ‘కొటారి’ అని వేరే తరగతిగా లెక్కించారు. అసలు ఊరికి కాస్త ఎడంగా, నాలుగైదు గుడిసెలతో మొదలైన శివారే చాలా కోటన్ల పుట్టుక. శివారు కాబట్టే ఏ ఊరి చుట్టుపక్కలైనా పుట్టేది, కాబట్టే ఒకే పేరు అన్ని చోట్ల కనిపిస్తుంది. కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఒకటి, డెర్బీషైర్‌లో కోటన్ ఇన్ ది ఎల్మ్స్, వార్విక్‌షైర్‌లో నన్నీటన్‌ని ఆనుకుని చిల్వర్స్ కోటన్, నార్తాంప్టన్‌లో ఫార్ కాటన్, స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, చెషైర్‌లో చెస్టర్ దగ్గర కాటన్ ఎడ్మండ్స్, ష్రాప్‌షైర్‌లో వెమ్ దగ్గర కోటన్. ఇవి కొన్నే. సఫోక్‌లోని కాటన్ మాత్రం ఈ జాబితాలోకి రాదు. దాని పాత రూపాల్లో ‘కొడె’ అని ‘డ’ ఉంది కాబట్టి అది కొడ్డ అనే మనిషి పేరు మీద వెలసిన ఊరని స్థలనామ పండితులు చెప్తారు. ఈనాటి వర్ణక్రమం ఒకటే, పుట్టుక వేరు.

ఇప్పుడు తెలుగువాళ్లకి వెంటనే అర్థమయ్యే సంగతి. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే సాధారణంగా ఆ ఊరు వదలాలి. కోటన్‌లో ఉన్న నలభై మందినీ ‘కోటన్ వాళ్లు’ అని పిలిస్తే ఎవరినీ పిలిచినట్టు కాదు. ఒకడు పది మైళ్ల అవతల ఊరికి వలస వెళ్తే అక్కడివాళ్లు ‘కోటన్ నుంచి వచ్చిన విలియం’ అంటారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి కుటుంబం నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి తమిళ నేలకి వెళ్లింది, ఆయన పుట్టింది తిరుత్తణిలో, ఇంటిపేరు మాత్రం సర్వేపల్లి. సరిగ్గా అదే సూత్రం. దీని నుంచి వచ్చే వెతుకులాట నియమం: ఇంటిపేరు గుంపుగా కనిపించే చోటు, పేరుకి మూలమైన ఊరు ఒకటి కానక్కర్లేదు, మూలం తరచుగా ఒకటి రెండు రోజుల నడక దూరంలో ఉంటుంది. ఒక మినహాయింపు ఉంది. ఊరి మీద హక్కున్న భూస్వామి, ఊళ్లోనే ఉంటూ, తన భూమి పేరునే పెట్టుకునేవాడు. నార్మన్లు 1066లో గెలిచాక ఈ అలవాటు పైవర్గంలో ముందు పాకింది. అందుకని ఒకే కోటన్ నుంచి భూస్వామి కాటన్ వంశమూ, వలస కూలీ కాటన్ వంశమూ రెండూ పుట్టి ఉండొచ్చు, రక్తసంబంధం ఏమీ లేకుండానే.

ఇంటిపేరు తరతరాలకీ స్థిరపడడం కూడా ఒక్కసారి జరగలేదు. దక్షిణాన, ధనికుల్లో ముందు. ఉత్తరాన, పేదల్లో తర్వాత. 1300 ప్రాంతంలో తండ్రి ‘డి కోటన్’, కొడుకు ‘జాన్సన్’ కావడం మామూలే. కాబట్టి 1280లో దొరికిన ఒక డి కోటన్‌ని తీసుకొచ్చి 1550 నాటి కాటన్‌కి ముత్తాతని చేయకండి. మధ్యలో ప్రతి తరానికీ కాగితం ఉండాలి.

ఇక ఆర్థర్ కాటన్ సంగతి. 1803 మే 15న పుట్టాడు, 1899 జూలైలో పోయాడు. తండ్రి హెన్రీ కాల్వ్‌లీ కాటన్. ఆర్థర్ ఆయన 11 మంది కొడుకుల్లో పదోవాడు. ఈ కుటుంబం చెషైర్, ష్రాప్‌షైర్ సరిహద్దులోని కాంబర్మియర్ అబ్బేకి చెందినది. అది 1133లో స్థాపించిన సన్యాసి మఠం. 8వ హెన్రీ మఠాలు రద్దుచేసినప్పుడు, రాజాస్థానంలో కొలువున్న సర్ జార్జ్ కాటన్‌కి ఆ మఠమూ భూములూ దక్కాయి. అప్పటి నుంచి వాళ్లు ‘కాంబర్మియర్ కాటన్లు’. వంశావళులు వీళ్ల మూలాన్ని ష్రాప్‌షైర్ వైపు చూపిస్తాయి, అంటే పైన చెప్పిన వెమ్ ప్రాంతపు కోటన్ దిక్కుగా. కాంబర్మియర్ నుంచి అది దగ్గరే. నడక దూరపు నియమం ఇక్కడ సరిపోతుంది. 1677లో ఈ కుటుంబానికి బారొనెట్ హోదా (తండ్రి నుంచి కొడుక్కి దిగే బిరుదు) వచ్చింది. 1826లో భరత్‌పూర్ కోటని పట్టుకున్న సేనాధిపతి స్టేపుల్టన్ కాటన్, తర్వాత వైకౌంట్ కాంబర్మియర్ అయినవాడు, ఆర్థర్‌కి పెదనాన్న కొడుకు.

ఈ కుటుంబంలో ముందు పేర్లు, మధ్య పేర్లు గమనించండి: కాల్వ్‌లీ, స్టేపుల్టన్, సాల్స్‌బరీ, లించ్. ఇవన్నీ ఇంటిపేర్లే. వీటిలో చాలావరకు పెళ్లి ద్వారా వచ్చిన ఆడవాళ్ల పుట్టింటి పేర్లు. రెండో బారొనెట్ భార్య ఫిలడెల్ఫియా, జమైకా గవర్నర్‌గా చేసిన సర్ థామస్ లించ్ కూతురు. తర్వాతి తరంలో ‘లించ్ కాటన్’ అని మనవడికో కొడుక్కో పేరు పడడం అందుకే. స్టేపుల్టన్ తల్లి ఫ్రాన్సిస్ పుట్టింటి పేరు స్టేపుల్టన్. ఇంగ్లీషు వంశవృక్షంలో మధ్య పేరు వింతగా ఉంటే అది తల్లి వైపుకో, నాయనమ్మ వైపుకో వేలు చూపిస్తోందని అనుమానించండి. ఉచితంగా దొరికే ఇంత మంచి ఆధారం ఇంకోటి లేదు. దీనికో కొసరు చిక్కు: సాల్స్‌బరీ కాటన్, స్టేపుల్టన్ కాటన్ లాంటి జంట పేర్లని సూచికల్లో ఒక్కోసారి ‘స’ కింద వేస్తారు. ‘క’ కింద మాత్రమే చూసి లేదనుకోకండి.

కాటన్ అనగానే అందరినీ ఒకే గంపలో వేయడం మన దగ్గర మామూలు. 1904 కాంగ్రెస్ మహాసభకి అధ్యక్షత వహించిన సర్ హెన్రీ కాటన్ కుంభకోణంలో పుట్టిన సివిల్ సర్వెంట్. ఆయనది వేరే కాటన్ల వంశం. ఆంగ్ల సాహిత్యపు పాత రాతప్రతుల్లో చాలావాటిని కాపాడిన సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) ఆర్థర్ శాఖవాడు కాదు, హంటింగ్డన్‌షైర్ భూస్వామి. అతని గ్రంథాలయం 1731లో అగ్నిప్రమాదంలో కొంత కాలిపోయింది, మిగిలింది 1753లో బ్రిటిష్ మ్యూజియం పునాది సేకరణల్లో ఒకటైంది. స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్ సింహాసనం ఎక్కాక ఈయన తన పేరు మధ్యలో ‘బ్రూస్’ చేర్చుకున్నాడు, స్కాట్ రాజవంశంతో బంధుత్వం గుర్తుచేయడానికి. వంశావళిని గాలికి తగ్గట్టు తిప్పుకోవడం ఆనాటి పెద్దమనుషులకి మామూలే, అందుకే 16, 17 శతాబ్దాల్లో తయారైన వంశవృక్షాలని, ముఖ్యంగా మొదటి మూడు నాలుగు తరాలని, వేరే దస్తావేజుతో సరిచూడకుండా నమ్మొద్దు.

ఇప్పుడు పద్ధతి. ఏ ఇంగ్లీషు ఊరి ఇంటిపేరుకైనా ఇదే దారి.

మొదటి సూత్రం: ఇవాళ్టి నుంచి వెనక్కి నడవండి, 1086 నుంచి ముందుకి కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లో పౌర నమోదు 1837 జూలై 1న మొదలైంది. జనన, వివాహ, మరణ సూచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ప్రభుత్వ నమోదు కార్యాలయం సొంత సూచికలో 1837 నుంచే తల్లి పుట్టింటి పేరు కనిపిస్తుంది. పాత ముద్రిత సూచికలో అది 1911 తర్వాతే ఉంది. ఒకే పేరున్న ముగ్గురు జాన్ కాటన్లని విడదీయడానికి ఇది చాలు. దీనికి జనాభా లెక్కల్ని జోడించండి. 1851 నుంచి పుట్టిన పారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) రాశారు. 1841లో రాయలేదు, పుట్టింది ఆ కౌంటీలోనా (మన జిల్లా లాంటిది) కాదా అన్నది మాత్రమే రాశారు. పైగా 15 ఏళ్లు దాటినవాళ్ల వయసుని 5 గుణిజానికి కిందికి సర్దమన్నారు. 1841లో 35 అని ఉంటే నిజానికి 39 కావొచ్చు. ఇది తెలియక పుట్టిన సంవత్సరాన్ని నాలుగేళ్లు తప్పుగా లెక్కేసి, తప్పు బాప్తిజం పట్టుకుని, అక్కడి నుంచి రెండు వందల ఏళ్లు తప్పు వంశంలో నడిచినవాళ్లు చాలామంది.

1837 ముందైతే పారిష్ రిజిస్టర్లు. 8వ హెన్రీ మంత్రి థామస్ క్రామ్వెల్ 1538లో వీటిని మొదలుపెట్టించాడు. మొదటి అరవై ఏళ్లవి చాలాచోట్ల నిలవలేదు. 1598 ప్రాంతంలో పాత కాగితాల్ని తోలు పత్రాల మీదికి ఎక్కించి, ఏటా ఒక నకలు బిషప్‌కి పంపమన్నారు. ఆ నకలే మనకి వరం: రిజిస్టరు చినిగినా, ఎలక కొట్టినా బిషప్ నకలు ఉండొచ్చు. రెండూ ఉంటే రెండూ చూడండి, నకలులో తేడాలు వస్తాయి. 1640, 1650ల్లో అంతర్యుద్ధం వల్ల పెద్ద ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఊహతో పూడ్చకండి, వీలునామాలతో పూడ్చండి. 1858 ముందు వీలునామాలు చర్చి కోర్టుల్లో ఉండేవి. అన్నిటికన్నా పెద్దదైన కాంటర్‌బరీ కోర్టు వీలునామాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వీలునామాలో అన్నదమ్ములు, అల్లుళ్లు, ఊళ్ల పేర్లు అన్నీ ఒక్క కాగితం మీద వస్తాయి. బాప్తిజం నమోదులు పది ఇవ్వలేనిది ఒక వీలునామా ఇస్తుంది.

తేదీల విషయంలో ఒక ఉచ్చు. 1752 ముందు ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. రిజిస్టర్లో ‘1700 ఫిబ్రవరి 10’ అని ఉంటే మన లెక్కలో అది 1701. 1700 జూన్‌లో పెళ్లి, 1700 ఫిబ్రవరిలో బిడ్డ బాప్తిజం అని చూసి ఏదో గొడవ అనుకోవద్దు. పెళ్లయిన ఎనిమిది నెలలకి బిడ్డ, అంతే. రాసుకునేటప్పుడు 1700/01 అని రెండూ వేయండి.

పేద కుటుంబమైతే, ఒక పారిష్‌లో హఠాత్తుగా కాటన్లు ఊడిపడితే, 1662 సెటిల్‌మెంట్ చట్టం కాగితాలు వెతకండి. ఊరు మారిన పేదవాడు తమకి భారమైతే ఏ పారిష్ పోషించాలో తేల్చడానికి, పాత పారిష్ ధ్రువపత్రం అడిగేవారు. విచారణల్లో ఎక్కడ పుట్టాడు, ఎక్కడ జీతగాడిగా ఉన్నాడు అన్నీ రాశారు. ఇవి కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి.

ఇలా 1550 దాకా వచ్చాక మధ్యయుగంలోకి దిగాలి. ఇక్కడ పనికొచ్చేవి 1377, 1379, 1381 నాటి తలపన్ను జాబితాలు, అంతకుముందు 1327, 1332 చరాస్తి పన్ను జాబితాలు, మేనర్ (దొర ఎస్టేటు) కోర్టుల కాగితపు చుట్టలు. చాలావాటి ముద్రిత ప్రతులున్నాయి. ఇక్కడే రెండో వైపు నుంచి కూడా పని చేయాలి: 1881 జనాభా లెక్కల్లో ఆ ఇంటిపేరు ఏ కౌంటీల్లో గుమిగూడిందో చూడండి, ఆ చుట్టూ ఉన్న కోటన్, కాటన్, కాటమ్ ఊళ్లన్నీ పటంలో గుర్తు పెట్టండి, ఒక్కో ఊరి పాత రూపాలు చూడండి. 1923లో ఏర్పడ్డ ఇంగ్లీష్ ప్లేస్-నేమ్ సొసైటీ కౌంటీల వారీగా సంపుటాలు వేసింది. ప్రతి ఊరికీ పాత రూపాలు సంవత్సరాలతో సహా ఉంటాయి. మీ కుటుంబపు పాత రూపం ‘డి కొటెస్’ అయ్యుండి, మీరు ఎంచుకున్న ఊరు ఆ కాలంలో ‘కొడెటున్’ అని ఉంటే, ఊరు తప్పు.

వర్ణక్రమం మీద పంతం పట్టకండి. ఒకే మనిషి పేరు ఒకే రిజిస్టర్లో కాటన్, కాటెన్, కోటన్, కాటమ్ అని నాలుగు రకాలుగా ఉంటుంది. వెబ్‌సైట్లలో శబ్దాన్ని బట్టి వెతికే సౌండెక్స్ పద్ధతిలో వీటన్నిటికీ ఒకే సంకేతం వస్తుంది: సి350. సౌకర్యమే. అయితే కాటన్ కాక కేటన్, ‘క్యాటన్’, ఆఖరికి ‘క్యాడెన్’ కూడా సి350 లోకే వస్తాయి. కేటన్ లాంకషైర్‌లోని వేరే ఊరు, క్యాటన్ నార్‌ఫోక్, యార్క్‌షైర్‌లలోని వేరే ఊళ్లు. వీటికీ గుడిసెలకీ పొత్తు లేదు. అదే సమయంలో నిజంగా బంధువైన కోట్స్ సి320 కింద పడి వెతుకులాటలో కనపడదు. అందువల్ల సౌండెక్స్ ఫలితాన్ని ముక్కు సూటిగా నమ్మకుండా, అసలు పేజీ బొమ్మ తెరిచి చదవాలి. మధ్యయుగపు రాతలో ‘మ’, ‘న’, ‘ఉ’, ‘ఇ’ అక్షరాలు నిలువు గీతల వరసలే. ‘కొటున్’, ‘కొటుం’ తేడా మూడు నాలుగు గీతలు లెక్కపెట్టడమే. ‘సి’, ‘టి’ కూడా ఒకేలా ఉంటాయి, అందుకే అచ్చు పుస్తకాల్లో ‘కాక్టన్’ లాంటి వింత పేర్లు పుడతాయి.

ఇంటిపేరుకి ‘కుటుంబ చిహ్నం’ అమ్మే దుకాణాలు చాలా ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఇంటిపేరుకి చిహ్నం ఉండదు. 1484లో రాజపత్రం పొందిన కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ చిహ్నాన్ని ఒక మనిషికి ఇస్తుంది, అది అతని వారసులకి వెళ్తుంది. కాంబర్మియర్ చిహ్నం నార్‌ఫోక్ కాటన్ గోడ మీద పెట్టుకుంటే అది అలంకారం, ఆధారం కాదు.

డీఎన్ఏ గురించి కూడా అడుగుతారు. తండ్రి వరసలో దిగే వై క్రోమోజోమ్ పరీక్ష మగవాళ్లకే పనికొస్తుంది. 12 మార్కర్ల (క్రోమోజోమ్ మీద పోల్చి చూసే చోట్లు) పాత పరీక్ష ఇలాంటి పనికి చాలదు. 37 నుంచి మొదలుపెట్టాలి, 67 లేదా 111 మెరుగు. కాటన్ లాంటి పేరులో పరీక్ష ఎక్కువగా చెప్పేది ‘మీరిద్దరూ వేరు’ అనే. అన్ని ఊళ్ల నుంచి పుట్టిన పేరుకి అది ఊహించదగ్గదే. ఆ జవాబుకీ విలువుంది, ఒక దారి మూసేస్తుంది కాబట్టి. తల్లి ఇంటిపేరు పెట్టుకున్న బిడ్డ, ఆస్తి కోసం పేరు మార్చుకున్న అల్లుడు మధ్యలో ఉంటే కాగితం కలిసినా డీఎన్ఏ కలవదు.

చివరగా, మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసినవాళ్లని వెతికేవారికి. ఈస్టిండియా కంపెనీ కాలపు చర్చి నమోదులు బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, ఆ దస్త్రాల వరస గుర్తులు ఇవి: ఎన్/1 బెంగాల్, ఎన్/2 మద్రాసు, ఎన్/3 బొంబాయి. గోదావరి, కృష్ణా, విశాఖ, బళ్లారి వైపు వాళ్లకి చూడాల్సింది ఎన్/2. ఇవి చాప్లిన్లు (కంపెనీ కొలువులోని పాదిరీలు) పంపిన నకళ్లు, పేర్లు తప్పుపడడం మామూలే. సైన్యంలో చేరిన కుర్రాడైతే ఎల్/ఎంఐఎల్/9 కింద ఉన్న క్యాడెట్ కాగితాలు చూడండి. చేరేటప్పుడు ఇంగ్లండ్ బాప్తిజం ధ్రువపత్రం ఇవ్వాలి కాబట్టి పారిష్ పేరు నేరుగా దొరుకుతుంది. ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ వెబ్‌సైటులో ఉచితంగా వెతకొచ్చు. మద్రాసు ఇంజనీర్లలో ఒక్క ఆర్థరే కాదు, తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా పనిచేశాడు. ‘కెప్టెన్ కాటన్’ అని మాత్రమే ఉన్న ఫైలు కనిపిస్తే మధ్య పేరు, సంవత్సరం, పోస్టింగు మూడూ సరిచూసుకుని గానీ ధవళేశ్వరం ఖాతాలో వేయకండి. ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆర్థర్‌కి సర్ బిరుదు వచ్చింది 1861లో. 1861 ముందు కాగితంలో ‘సర్ కాటన్’ అని కనిపిస్తే అది ఆర్థర్ కాదు, లేదా ఆ కాగితం తర్వాత రాసింది.